న్యూయార్క్ నుంచి బావకు: డిక్ యంగ్ సంగతులు

బావా,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. మనవడిని ఎత్తుకుని తిరగడంలో పడి పేపరు చదవడం మానేశావా అని అడిగావు. మానేశాను. వాడు నిద్రపోతే తప్ప నాకు కలం అందదు. ఇప్పుడు పడుకున్నాడు, లేచేలోపు ఎంత రాయగలనో చూద్దాం.

మొన్న శనివారం అల్లుడు ఫ్లషింగ్‌లోని గణపతి గుడికి తీసుకెళ్లాడు. దర్శనమయ్యాక కింద క్యాంటీనులో దోసె తిన్నాం. దోసె బాగుంది, చట్నీలో మాత్రం కారం లేదు. అక్కడికి దగ్గర్లోనే మెట్స్ అనే బేస్‌బాల్ జట్టు మైదానం ఉంది. దాని ముందు టామ్ సీవర్ అనే ఆటగాడి విగ్రహం నిలబెట్టారు. బేస్‌బాల్‌లో పిచ్చర్ అంటే మన బౌలర్ అనుకో. ఈయన బంతి విసిరేటప్పుడు ఎంతగా కిందికి కుంగేవాడంటే, కుడి మోకాలు నేలకు రాసుకుని ఆట అయ్యేసరికి ప్యాంటుకు మట్టి అంటుకుని ఉండేదట. విగ్రహంలోనూ ఆ మోకాలు నేలను తాకీ తాకనట్టు ఉంది. వంగి చూస్తున్నాను. అప్పుడు అల్లుడు అన్నాడు: "ఈయన్ని ఈ ఊరి నుంచి పంపించేసింది ఒక పేపరు కాలమ్, మామయ్యా."

ఇక నాకు నిద్ర పడుతుందా? ముప్పై ఏళ్లు స్పోర్ట్స్ డెస్కు మీద కూర్చున్నవాణ్ని కదా. వారం రోజులు ఇక్కడి లైబ్రరీ వదల్లేదు.

ఆ కాలమ్ రాసినవాడి పేరు డిక్ యంగ్. 1937లో న్యూయార్క్ డైలీ న్యూస్‌లో కాగితాలు అందించే కుర్రాడిగా చేరి, 1940ల్లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టు విలేకరి అయ్యాడు. అంతకుముందు ఆట రాసేవాళ్లు ఎక్కువగా పైన ప్రెస్ బాక్సులో కూర్చుని, కనిపించింది కనిపించినట్టు వర్ణించి ఇంటికి పోయేవాళ్లు. ఇతను ఆట అవగానే మెట్లు దిగి డ్రెస్సింగ్ రూముకు వెళ్లేవాడు. ఆ బంతి అలా ఎందుకు వేశావు, ఆ పరుగు ఎందుకు తీయలేదు అని మొహం మీదే అడిగేవాడు. పొద్దున పేపరులో ఉతికేసి, సాయంత్రం మళ్లీ అదే గదికి వెళ్లి నిలబడేవాడు. తిట్టదలచుకున్నవాడు ఎదురుగానే తిట్టవచ్చు! మనం నేర్చుకున్న విలేకరి పని కూడా ఇదే కదా బావా.

కలం కూడా మామూలుది కాదు. డాడ్జర్స్ చిత్తుగా ఓడిపోయిన రోజు, ఈ వార్త మూడో పేజీలో మిగతా గొడ్డలి హత్యల పక్కన ఉండాలి అని మొదలుపెట్టాడు. ఆ పేపరులో నేర వార్తలకు అదే చోటు. 1956 వరల్డ్ సిరీస్‌లో, అంటే బేస్‌బాల్ ఫైనల్స్‌లో, డాన్ లార్సెన్ అనే పిచ్చర్, రాత్రి తిరుగుళ్లకు పేరుపడ్డవాడు, ఎదుటి జట్టు నుంచి 27 సార్లు బ్యాటు పట్టి వచ్చినవాళ్లను వచ్చినట్టే వెనక్కి పంపాడు. అలాంటి ఆటను వీళ్లు 'పర్ఫెక్ట్ గేమ్' అంటారు. పక్క సీట్లో సహచరుడు జో ట్రింబుల్‌కు ఎంతసేపటికీ ఇంట్రో తట్టలేదట. యంగ్ చెయ్యి చాపి అతని టైపురైటరు మీద కొట్టిన మాటలకు తెలుగు ఇది: లోపాలున్న మనిషి లోపం లేని ఆట ఆడాడు. బైలైను ట్రింబుల్‌ది, వాక్యం ఇతనిది. డెడ్‌లైనుకు పది నిమిషాల ముందు నువ్వు నాకిలా ఎన్నిసార్లు శీర్షికలు దానం చేశావో లెక్క లేదు.

పెద్ద నోరు కూడా. 1961లో రోజర్ మారిస్, ఒక సీజనులో బేబ్ రూత్ కొట్టిన 60 హోమ్ రన్ల (మన సిక్సర్లు అనుకో) రికార్డు వెంట పడ్డాడు. రూత్ నాటికి సీజనుకు 154 ఆటలు, ఇప్పుడు 162. రూత్ ఆడినన్ని ఆటల్లో దాటకపోతే ఆ రికార్డుకు ఏదో ప్రత్యేక గుర్తు ఉండాలని బేస్‌బాల్ కమిషనర్ విలేకరులతో అంటుంటే, యంగ్ అందుకుని "నక్షత్రం గుర్తు పెట్టండి" అన్నాడు. మారిస్ 61 కొట్టాడు. ఆ గుర్తు నిజంగా అచ్చయింది లేదు, అయినా పాపం ఆ మనిషి పేరుకు జీవితాంతం అంటుకుని ఉండిపోయింది. ముహమ్మద్ అలీ పేరు మార్చుకున్నాక కూడా ఏళ్ల తరబడి క్లే అనే రాశాడు. డ్రెస్సింగ్ రూము గుట్టు విప్పుతూ జిమ్ బౌటన్ అనే పిచ్చర్ 1970లో పుస్తకం వేస్తే, వాణ్ని సంఘం వెలివేయాల్సిన కుష్ఠురోగి అన్నంత మాట అన్నాడు. అదే గదిలో కూపీ లాగి ఇంతవాడైనవాడు అనడం ఎలా ఉందో చూడు! జాకీ రాబిన్సన్ సంగతీ అంతే. మేజర్ లీగుల్లో వర్ణ నిషేధం దాటి వచ్చిన ఆ నల్లజాతి ఆటగాడితోనే, మీ జట్టులోనే ఉన్న ఇంకో నల్లజాతి ఆటగాడు క్యాంపనెల్లాతో మాట్లాడితే అతను నల్లవాడన్న సంగతే గుర్తురాదు, నీతో మాట్లాడితే అదే గుర్తొస్తుంది అన్నాడట. తను ఎవరో మరచిపోకూడదనే రాబిన్సన్ కోరుకున్నాడని మాత్రం యంగ్‌కు అర్థం కాలేదు.

ఇక 1977. ఆటగాళ్లు కాంట్రాక్టు ముగిశాక నచ్చిన జట్టుకు వెళ్లే హక్కు అప్పుడే కొత్తగా వచ్చింది. జీతాలు ఒక్కసారిగా పెరిగాయి. సీవర్ అంతకుముందే సంతకం పెట్టి ఇరుక్కున్నాడు. జీతం సరిచేయండి, జట్టు మీద డబ్బు పెట్టండి అని అడిగాడు. మెట్స్ చైర్మన్ డొనాల్డ్ గ్రాంట్ కుదరదన్నాడు. యంగ్ చైర్మన్ పక్షం పట్టి, సీవర్‌ను ఆశపోతని కాలమ్ తర్వాత కాలమ్ రాశాడు. యంగ్ అల్లుడికి మెట్స్ ఆఫీసులోనే ఉద్యోగం. (నా అల్లుడు కంప్యూటర్ల మనిషి, కాబట్టి నిర్భయంగా రాస్తున్నాను.)

జూన్ 14 రాత్రికి యజమానులతో ఫోన్లో మాటలు నడిచి రాజీ దాదాపు కుదిరింది. 15న యంగ్ కాలమ్ వచ్చింది. ఒకప్పుడు మెట్స్‌లోనే ఆడిన నోలన్ రయాన్ ఇప్పుడు కాలిఫోర్నియాలో సీవర్ కంటే ఎక్కువ సంపాదిస్తున్నాడు. రయాన్ భార్య, సీవర్ భార్య నాన్సీ స్నేహితురాళ్లు. నాన్సీకి అది కన్నుకుట్టిందనీ, గొడవంతా అందుకేననీ దాని సారాంశం. జట్టుతో అట్లాంటాలో ఉన్న సీవర్‌కు ఈ సంగతి తెలిసింది. వెంటనే మెట్స్ మనుషులకు కబురు చేసి, నన్ను ఇక్కడి నుంచి పంపించేయండి అన్నాడు. ఆటగాళ్ల మార్పిడికి ఆ అర్ధరాత్రే గడువు. ఆలోపు నలుగురు ఆటగాళ్లకు బదులుగా సిన్సినాటి జట్టుకు పంపేశారు.

మేం వెళ్లిన గణపతి గుడిలో కుంభాభిషేకం జరిగింది కూడా ఆ ఏడాది జూలై 4నే, అంటే మూడు వారాలు తిరక్కుండానే. ఈ ఊరి నుంచి ఒక దేవుణ్ణి సాగనంపి, ఇంకొక దేవుణ్ణి ప్రతిష్ఠించారన్నమాట.

వీడ్కోలు రోజు సీవర్ విలేకరుల మధ్య కూర్చుని అభిమానుల గురించి చెప్పబోయాడు. గొంతు పెగల్లేదు. ఒక విలేకరి చేతిలోని నోట్‌బుక్కు అడిగి తీసుకుని, చెప్పాలనుకున్నది అందులో తనే రాసి ఇచ్చాడు. ఆ వీడియో అల్లుడి ఫోనులో మూడుసార్లు చూశాను. తల వంచుకుని రాస్తున్నాడు, చుట్టూ మైకులు, ఎవరూ మాట్లాడటం లేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నా నోట్‌బుక్కులో నేనే రాసుకున్నాను. ఇంకొకరి చేతికి ఎప్పుడూ ఇవ్వలేదు.

యంగ్ ఘాటుగా రాసినందుకు నాకు కోపం లేదు. మెట్లు దిగడం అందరికీ నేర్పినవాడు ఆ రోజు మెట్లెక్కి ఆఫీసు గదికి వెళ్లాడనే నా బాధ. తర్వాతి కథ ఏముంది? రెండేళ్లకు మెట్స్ అప్పటి మైదానానికి వచ్చే జనం సీజను మొత్తానికి 8 లక్షల లోపుకు పడిపోయారు. 1978 సంవత్సరానికి బేస్‌బాల్ రచయితల పెద్ద అవార్డు మాత్రం యంగ్‌కే వచ్చింది. కాంట్రాక్టు మాట తప్పే ఆటగాళ్లను జీవితమంతా తిట్టినవాడు, 1982లో సొంత కాంట్రాక్టు ఉండగానే న్యూయార్క్ పోస్ట్‌కు మారిపోయాడు. 1987లో డ్వైట్ గూడెన్ అనే కుర్ర పిచ్చర్ మాదకద్రవ్యాల చికిత్స తీసుకుని తిరిగొస్తే, లేచి నిలబడి గేలి చేయండి అని రాశాడు. జనం లేచి నిలబడ్డారు, చప్పట్లు కొట్టడానికి. అదే ఏడాది, 69 ఏళ్ల వయసులో యంగ్ పోయాడు.

ఇంత చదివి పడుకుంటే ఏం గుర్తొచ్చిందో తెలుసా? ఆ కబడ్డీ అమ్మాయి. జట్టులోంచి తీసేశారని తెలిసి మనిద్దరం సంఘం కార్యదర్శి ఇంటికి వెళ్లాం. పెసరట్టు పెట్టాడు. "క్రమశిక్షణ లేదండీ" అన్నాడు. మర్నాడు జిల్లా ఎడిషన్లో రెండు కాలమ్‌ల వార్త, ఆ మాటే శీర్షిక. వాళ్ల ఊరు మన ఆఫీసుకు గంట ప్రయాణం, వెళ్లలేదు. నాలుగో రోజు వాళ్ల నాన్న వచ్చాడు. చొక్కా జేబులోంచి మడత పెట్టిన కటింగు తీసి నా బల్ల మీద పరిచి, "ఇది ఎవరిని అడిగి రాశారండీ" అన్నాడు. గొంతు కూడా పెంచలేదు. నువ్వు టీ తాగడానికి కిందికి వెళ్లావు, వస్తావేమోనని నేను తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

మనవడు కదులుతున్నాడు. ఒక్కటి అడిగి ఆపేస్తాను. ఆ కార్యదర్శి పేరు, ఇంటిపేరు, వాళ్ల వీధి, పెసరట్టులో అల్లం ముక్కలతో సహా నాకు గుర్తున్నాయి. ఆ అమ్మాయి పేరు నీకేమైనా గుర్తుందా?

నీ,
బావ