"నీళ్లే కదా" అనుకున్నాం

ఎడిటర్ గారికి నమస్కారం,

మన వైజాగ్‌లో ఓ పక్క సముద్రపు ఉప్పుగాలి, ఇంకో పక్క పోర్టు దుమ్ము, రెండ్రోజులు తుడవకపోతే కారు మీద వేలితో పేరు రాయొచ్చు, అందుకే నేనూ ప్రెషర్ వాషర్ (గన్‌లోంచి నీళ్లని జోరుగా చిమ్మి కడిగే మెషిన్) కొన్నాను. కొట్టతను "110 బార్ సార్" అన్నాడే గానీ ఆ బార్ అంటే ఏంటో చెప్పలేదు, నేనూ అడగలేదనుకోండి.

మొన్న వానలకి మా అపార్ట్‌మెంట్ ర్యాంప్ అంతా నాచు పట్టేసింది. మా వాచ్‌మన్ హవాయి చెప్పులతోనే గన్ పట్టుకున్నాడు, బూట్లేసుకోవయ్యా అంటే "ఏటవుద్ది బాబూ, నీళ్లే కదా" అని నవ్వాడు. ట్రిగ్గర్ నొక్కగానే గన్ వెనక్కి తన్నింది, ధార కాలి మీదుగా పోయింది. చెప్పు అంచు బ్లేడుతో కోసినట్టు తెగిపోయింది, బొటనవేలి మీద మాత్రం ఆవగింజంత గాటు, రక్తం కూడా లేదు. పసుపు పెట్టుకుంటానన్నాడు. పక్క ఫ్లాట్‌లో నర్సుగా చేసే ఆవిడ చూసి, పసుపూ లేదు ఏమీ లేదు ముందు ఎమర్జెన్సీకి నడవండని కేకలేశారు. పైకి చుక్కే కనిపించినా నీళ్లూ మురికీ చర్మం లోపలికి దూరిపోయి ఉంటాయి, ఆలస్యమైతే వేలే తీసెయ్యాల్సి రావచ్చు, కోసి శుభ్రం చేయాలంట. ఇతనికి లోతుగా దిగలేదు, బతికిపోయాం.

తర్వాత కూర్చుని లెక్కేశాను, బార్ అంటే ప్రెషర్ కొలతే. 10 మీటర్ల ఎత్తు ట్యాంకు నుంచి కుళాయికి వచ్చేది సుమారు 1 బార్. ఆ నీళ్లనే మెషిన్‌లో చిన్న పిస్టన్లు నెట్టి 110 చేస్తాయి, సన్నటి నాజిల్ కంతలోంచి వచ్చేసరికి లెక్కప్రకారం గంటకి 500 కిలోమీటర్ల వేగం దాటుతుంది! పైగా ఆ రోజు నేను పెట్టింది జీరో డిగ్రీ ఎర్ర నాజిల్, అంటే ధార మొత్తం ఒకే చుక్క మీద. ఇప్పుడు విసనకర్రలా పరుచుకునే 40 డిగ్రీల తెల్లదే వాడుతున్నా, కారుకి అది చాలు, టైర్ల దగ్గర ఇంకాస్త దూరం నుంచే.

ఇంకో సంగతి, స్విచ్ ఆపి కుళాయి కట్టేసినా పైపులో ప్రెషర్ ఉండిపోతుంది, ట్రిగ్గర్ ఓసారి నొక్కి వదిలాకే గన్ పక్కన పెట్టాలి, పిల్లల చేతికి అందేచోట అసలు పెట్టకూడదు. ఎక్స్‌టెన్షన్ బాక్స్ నీళ్లలో పడేసి కడిగేవాళ్లని మా వీధిలోనే చూశాను, అలా ఎప్పుడూ చేయకండి బాబూ, ఎర్త్ ఉన్న ప్లగ్, ఆర్‌సీసీబీ (కరెంట్ లీకైతే వెంటనే సప్లై ఆపేసే స్విచ్) లేకుండా అసలు మెషినే ఆన్ చేయకండి.

అమ్మే కొట్లవాళ్లు బిల్లు రాసేముందు ఓ రెండు నిమిషాలు గన్ పట్టుకోవడం చూపిస్తే బాగుంటుంది, మీ పేపర్ ద్వారా వాళ్లకి ఈ మాట చేరుతుందని రాస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం