ఎక్స్‌టీ బోర్డులో షార్టు యాడుందో పట్టేది ఎట్లా

తిరుపతి

రేయ్ మామా,

నీ పాత ఐబీఎం ఎక్స్‌టీ కంప్యూటరుకి స్విచ్ వేస్తే ఫ్యాను ఒక్క కుదుపు కదిలి ఆగిపోతాందని రాసినావే, దానికోసం చిప్పులు కొనబాకు. ఎస్‌ఎంపీఎస్, అదే కరెంటిచ్చే పవర్ సప్లై డబ్బా, బాగానే ఉండొచ్చు. బోర్డులో షార్టుంటే అది తనను కాపాడుకోను ఆగిపోతాది. మీ చిత్తూరు అంగట్లో దాన్ని విడిగా పెట్టి చూసి ‘పోయింది’ అంటే నమ్మబాకు. ఆ కాలం ఎస్‌ఎంపీఎస్ లోడు లేకుంటే సరిగా నడవదు.

ముందు ప్లగ్గు పీకి, కార్డులన్నీ తీసి, ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకొచ్చే పీ8, పీ9 కనెక్టర్లు ఊడదీయి. మీటరు ఓమ్స్‌లో పెట్టు, బీప్‌లో వద్దు. చిప్పులు నిండిన 5 వోల్టుల లైను మామూలుగానే తక్కువ ఓమ్స్ చూపిస్తాది, బీప్ దానికే అరిచి లేని షార్టు ఉందనిపిస్తాది. కొలిచేదానికి ఖాళీ స్లాటు చాలు. స్లాటులో పిన్నులు ఏ, బీ అని రెండు వరసలు. కంప్యూటరు వెనకవైపు నుంచి లెక్కపెడితే బీ వరసలో 1వ పిన్ను గ్రౌండు, 3 ప్లస్ 5, 5 మైనస్ 5, 7 మైనస్ 12, 9 ప్లస్ 12. 1, 10, 31 మూడూ గ్రౌండే. ఆ మూడూ కలిసుంటే నువ్వు సరైన వరసలోనే ఉండావు. గ్రౌండుతో కొలిస్తే ఏ లైను ఒకటి రెండు ఓమ్స్‌కి దిగితే దొంగ ఆ లైన్లోనే.

నా అనుమానమంతా ప్లస్ 12 మీదే. ఆ లైన్లో 10 మైక్రోఫారడ్, 16 వోల్టుల టాంటలం (ఒక లోహం) కెపాసిటర్లుంటాయి. 12కి 16 అంటే వెసులుబాటు తక్కువ, పైగా టాంటలం చెడితే ఎక్కువగా షార్టే అవుతాది. ఒక లైన్లోవన్నీ ఆ లైనుకీ గ్రౌండుకీ మధ్యనే కలిసుంటాయి కాబట్టి ఏది కొలిచినా అదే రీడింగు. అందుకే బెంచ్ సప్లైని (వోల్టులు, ఆంపియర్లు మనమే పెట్టుకునేది) 1 వోల్టు, 1 ఆంపియరు దాటకుండా పెట్టి ఆ లైనుకిచ్చి, ఒక్కో కెపాసిటర్ రెండు కాళ్ల మధ్యా మిల్లీవోల్టులు చూడు. అన్నిట్లోకీ తక్కువ ఉండేదే షార్టయింది. ఐసోప్రొపైల్ ఆల్కహాలు పూసినా సరే, వేడెక్కే చోటే ముందు ఆరిపోతాది.

దాన్ని లాగి పెరకబాకు, బోర్డు మీది రాగి ప్యాడు లేచొస్తాది. కటింగ్ ప్లయరుతో ఒళ్లు కత్తిరించి, కాళ్లు ఒక్కొక్కటే తీయి. గ్రౌండు కాలి వేడినంతా రాగి పొర లాగేస్తాది. ఫ్లక్సు వేసి, కొత్త సోల్డరు కొంచెం కలిపితే కదులుతాది. తీసినాక మళ్ళా కొలువు. ఓమ్స్ పెరిగితే అదొక్కటి లేకుండానే టెస్టు చేసుకోవచ్చు.

కొత్తది 10 మైక్రోఫారడే, కానీ 25 గానీ 35 గానీ వోల్టులది కొను. చెన్నై పోతే రిచ్చీ స్ట్రీట్‌లో దొరుకుతాది. టాంటలం మీద గీత ప్లస్ వైపు, మామూలు ఎలక్ట్రోలిటిక్ మీద మైనస్ వైపు. ఈడ తిరగబడితే పటాసే. మూడు కాళ్లదైతే నడిమిది ప్లస్.

పీ8, పీ9 తిరిగి పెట్టేటప్పుడు నల్ల వైర్లు నాలుగూ నడిమధ్య పక్కపక్కన రావాల. కార్డుల్లేకుండా స్విచ్ వేయి, ముఖం బోర్డు మీదికి వంచబాకు. ఏండ్లుగా పడుకున్న ఇంకో టాంటలం పేలొచ్చు. స్పీకరు ఒకసారి పొడుగ్గా, రెండుసార్లు పొట్టిగా కూస్తే వీడియో కార్డు లేదని అర్థం. అంటే బోర్డు లేసినట్టే. ఆపైన కార్డులు ఒక్కొక్కటిగా పెట్టు, ప్రతిదాన్నీ ముందు ఓమ్స్‌లో చూసినాకే. ఫ్లాపీ కంట్రోలరులో కూడా ఇవే టాంటలాలుంటాయి.

నాలుగు లైన్ల రీడింగులూ రాసి పంపు.

నీ మామ