సీసా మీద పేరు లేదట సార్! – ఎక్సైజ్ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ ఎక్సైజ్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కల్తీ కల్లు గురించి ప్రజావాణిలో మూడు అర్జీలు ఇచ్చాను. మూడు రశీదులూ జాగ్రత్తగా దాచుకున్నాను, ఎందుకంటే నాకు దక్కినవి అవే. అందుకే ఈసారి నలుగురూ చదివేట్టు రాస్తున్నాను.

మా అమ్మ పాలమూరు నుంచి వలస వచ్చిన అడ్డా కూలీ. పొద్దంతా ఇటుకలు మోసి, సాయంత్రం కల్లు కాంపౌండ్‌లో ఒక సీసా తాగి ఇంటికొస్తుంది. ఒళ్లు నొప్పులకంటుంది. నేను తప్పు పట్టను. ఊళ్లో మా తాత కూడా తాగేవాడు, చెట్టు కింద తాటాకు దొప్ప పట్టుకుని. కల్లు లేని రోజు ఊరికే విసుక్కునేవాడు, అంతే. అమ్మకు అట్లా కాదు. ఒక్కరోజు సీసా పడకపోతే చేతులు వణుకుతాయి. రెండో రోజుకు గోడవైపు తిరిగి లేని మనుషులతో మాట్లాడుతుంది. పోయిన ఎండాకాలం కాంపౌండ్ మూడు రోజులు మూశారు. మూడో రాత్రి ఫిట్స్ వచ్చి నాలుక కొరుక్కుంది. దిండు గలేబు మీద ఆ మరక ఉతికినా పోలేదు. డాక్టరమ్మ ఒకటే అన్నది: "ఇది కల్లు మానేస్తే వచ్చింది కాదు బాబూ, దాంట్లో కలిపింది మానేస్తే వచ్చింది."

కలిపేది ఏమిటో మీకు నేను చెప్పాలా? క్లోరల్ హైడ్రేట్, డైజీపాం, ఆల్ప్రాజోలం, అన్నీ మత్తెక్కించే మందులే. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద ఉన్నట్టుండి దాడులు చేస్తే నిజామాబాద్, మహబూబ్‌నగర్ ఆసుపత్రులకు మా అమ్మలాంటివాళ్లు వందల్లో వచ్చిపడ్డారు. 2025 జూలైలో కూకట్‌పల్లి చుట్టుపక్కల కల్లు తాగినవాళ్లు ప్రాణాలే పోగొట్టుకున్నారు. నమూనాల్లో ఆల్ప్రాజోలం తేలిందన్నారు, దుకాణాలకు సీళ్లు వేశారు, టీవీల్లో చూశాం. తర్వాత? దాడి చేస్తే ఆసుపత్రి, చేయకపోతే శ్మశానం. మధ్యలో ఇంకేమీ లేదా సార్?

ఇక సీసా సంగతి. ఫిట్స్ వచ్చిన వారం తర్వాత అమ్మ సగం తాగి వదిలేసిన సీసాను మూత బిగించి పక్కన పెట్టాను. తెల్లారి చూస్తే పైన నీళ్లలాగా తేట, అడుగున సున్నంలా తెల్లటి మడ్డి. కల్లుకు మడ్డి ఉంటుందని నాకూ తెలుసు, కానీ ఇది వేలితో నలిపితే గరుకుగా ఉంది. ఆ సీసాను కవర్లో చుట్టి మీ శాఖ ఆఫీసుకు పట్టుకెళ్లాను. అక్కడి ఉద్యోగి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "దీని మీద ఏ దుకాణం పేరూ లేదు కదా. ఎక్కడిదని రాసుకోమంటవ్?" అన్నాడు. పేరు ఎందుకు లేదు సార్, ఉంది! అది పాత బీరు సీసా. సగం చిరిగిన లేబుల్ మీద బీరు కంపెనీ పేరు ఉంది. వాళ్ల మీద కేసు పెట్టమంటారా?

అదే సీసాలో బీరు పోసి అమ్మితే బ్యాచ్ నంబరు ఉండాలి, తయారీ తేదీ ఉండాలి, ఆల్కహాలు శాతం ఉండాలి, ఆరోగ్యానికి హానికరమని హెచ్చరిక ఉండాలి. కల్లు పోస్తే ఏదీ ఉండదు. బీరు తాగి ఎవరైనా పోతే ఏ బ్యాచ్‌తో పోయాడో తెలుస్తుంది. మా అమ్మ పోతే ఆ ముక్క కూడా తెలియదు. 1516లోనే బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ వాడొద్దని హుకుం వేశారు. మన తాటిచెట్టుకు హుకుం కూడా అక్కర్లేదు, అది ఏమీ కలపదు. కల్లు చెట్టు దిగాకే సమస్తం కలుస్తుంది.

చెట్టెక్కే గీత కార్మికులను దీంట్లోకి లాగకండి. మోకు జారితే నడుం విరిగేది వాళ్లకు, లాభం దక్కేది కాంపౌండ్ నడిపేవాడికి. ఈ కాంక్రీటు నగరంలో అన్ని సీసాలకు సరిపడా చెట్లు ఎక్కడున్నాయో, కల్లు ఏ ఊరి నుంచి వస్తుందో ఒక్కసారి బోర్డు మీద రాయించండి చాలు. నమూనా తీస్తే రిపోర్టు కాంపౌండ్ గోడకే అంటించండి. మూసే ముందు అలవాటుపడ్డవాళ్లకు మందులు, మంచాలు సిద్ధం చేయండి. ఇవి అర్జీలో కూడా రాశాను. రశీదు నంబర్లు కావాలంటే పంపుతాను.

సీసా ఇంకా మా ఇంట్లోనే, అటక మీద ఉంది. అమ్మకు అందకుండా పెట్టాను. ఎవరినైనా పంపించండి సార్, ఇచ్చేస్తాను.

ఇట్లు,
ఒక అడ్డా కూలీ కొడుకు