స్కాన్ రిపోర్టుపై రేడియేషన్ మోతాదు రాయాలి

సంపాదకులకు నమస్కారం.

సీటీ స్కాన్ వల్ల క్యాన్సర్ వస్తుందా రాదా అని మీ పత్రికలో రెండు వారాలుగా పాఠకులు వాదించుకుంటున్నారు. ప్రభుత్వ ఆసుపత్రి ఎక్స్‌రే గదిలో 31 ఏళ్లు పనిచేసినవాణ్ని. నాకు తెలిసింది చెబుతాను.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సీసపు ఏప్రాన్ లోపల, చొక్కా మీద టీఎల్‌డీ బ్యాడ్జీ పెట్టుకునేవాణ్ని. మూడు నెలలకోసారి దాన్ని పరీక్షకు పంపితే, నా ఒంటికి ఎంత రేడియేషన్ సోకిందో కాగితం మీద రాసి వచ్చేది. ఐదేళ్ల సగటు ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి సోకే రేడియేషన్‌ను కొలిచే ప్రమాణం) దాటకూడదని మాకు నియమం. బల్ల మీద పడుకున్న రోగికి అలాంటి హద్దు లేదు. ఉండకూడదు కూడా, అవసరమైన పరీక్ష ఆగితే ప్రాణానికే ముప్పు. కానీ హద్దు లేనంత మాత్రాన లెక్క కూడా లేకుండా పోవాలా?

2021 మే నెల. కరోనా రెండో దశ. ఏ ఇంట్లో చూసినా ‘స్కాన్ స్కోరు 25కి ఎంత’ అన్న మాటే. మా కోడలికి పన్నెండు రోజుల్లో మూడుసార్లు ఛాతీ స్కాన్ తీశారు. ఆక్సిజన్ ఒక్క రోజు కూడా 96 కంటే తగ్గలేదు. ఆ రోజుల్లోనే ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలతో సమానమన్నారు. అది పాతకాలపు లెక్క, ఇప్పటి అతి తక్కువ మోతాదు స్కాన్ ఐదు నుంచి పది ఎక్స్‌రేలతో సమానం అని రేడియాలజిస్టుల సంఘం ఖండించింది. ఇంట్లో అందరూ నా మొహం చూశారు.

సీడీలు తీసి కంప్యూటర్లో పెట్టాను. చిత్రాలతో పాటే యంత్రం ఒక నల్లటి పేజీ తయారుచేస్తుంది, దాన్ని ఎవరూ తెరవరు. అందులో ఆ స్కానుకు వాడిన మొత్తం రేడియేషన్‌ను తెలిపే డీఎల్‌పీ అనే అంకె ఉంటుంది. మూడు స్కాన్లకు 412, 398, 405. ఛాతీకైతే దాన్ని 0.014తో గుణిస్తే మిల్లీసీవర్టులు వస్తాయి. మూడూ కలిపి 17. నేల నుంచి, ఆకాశం నుంచి, తిండి నుంచి మనిషికి సహజంగా సోకేది ప్రపంచ సగటున ఏడాదికి 2.4. అంటే ఏడేళ్లలో సోకాల్సింది పన్నెండు రోజుల్లో సోకింది. ఛాతీ ఎక్స్‌రేకు 0.02 వేసుకుంటే ఆమెకు తీసిన ఒక్కో స్కాను దాదాపు 280 ఎక్స్‌రేలతో సమానం. యంత్రాన్ని అతి తక్కువ మోతాదుకు మార్చి తీసి ఉంటే సంఘం చెప్పిన మాట నిజమయ్యేది. ఎవరి మాట ఎవరికి వర్తిస్తుందో ఆ పేజీ చూస్తేనే తెలుస్తుంది.

అమెరికా జాతీయ అకాడమీల 2006 నివేదిక లెక్క ఇది: వంద మందికి తలా 100 మిల్లీసీవర్టులు సోకితే ఒకరికి దానివల్ల క్యాన్సర్ రావచ్చు, వేరే కారణాలతో 42 మందికి ఎలాగూ వస్తుంది. ఆ లెక్కను అదే నిష్పత్తిలో చిన్న మోతాదులకూ దించవచ్చా అన్న దగ్గరే శాస్త్రవేత్తలకు పేచీ. కేరళలోని కరునాగపల్లిలో సహజంగానే రేడియేషన్ వెలువరించే మోనజైట్ ఇసుక మీద బతుకుతున్న దాదాపు 70 వేల మందిని పరిశీలిస్తే క్యాన్సర్లు పెరిగినట్టు కనబడలేదు. అయితే ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా సోకడం వేరు, నిమిషంలో సోకడం వేరు. పిల్లల విషయంలో నేను జాగ్రత్త వైపే ఉంటాను. తొమ్మిది ఐరోపా దేశాల్లో సీటీ స్కాన్ తీయించుకున్న తొమ్మిది లక్షల మందికి పైగా పిల్లలను, యువతను పరిశీలించి 2023లో ప్రచురించిన అధ్యయనంలో మోతాదు పెరిగేకొద్దీ రక్త క్యాన్సర్లు పెరిగాయి. పదివేల మందికి స్కాన్ తీస్తే ఒకరిద్దరికి. తలకు దెబ్బ తగిలి ఆగకుండా వాంతులు చేసుకుంటున్న బిడ్డకు ఆ భయంతో స్కాన్ వద్దనకండి, దయచేసి.

కాలిఫోర్నియాలో 2012 నుంచి సీటీ మోతాదును రిపోర్టులో రాయాలని చట్టం ఉంది. ఇక్కడి యంత్రాలూ అదే అంకె చూపిస్తున్నాయి. రిపోర్టులో ఒక్క వరుస చేర్చడమే పని. అణుశక్తి నియంత్రణ బోర్డు, రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్య శాఖలు ఆ వరుసను తప్పనిసరి చేయాలి.

మా కోడలి అంకెలు మూడూ తేదీలతో సహా ఆమె ఆసుపత్రి ఫైలు అట్ట లోపల రాసిపెట్టాను. మొన్న కడుపునొప్పికి వెళ్తే డాక్టరుగారు అది చదివి, ముందు రేడియేషన్ ఉండని అల్ట్రాసౌండ్ చేయించి చూద్దామన్నారు.

— విశ్రాంత రేడియోగ్రాఫర్, తెనాలి