ఫైబర్ లెక్కల్లో లేజర్ నాణ్యతకూ చోటివ్వాలి

సంపాదకులు గారికి నమస్కారం.

ఫైబర్ నెట్‌వర్క్‌ల విస్తరణ గురించి వచ్చే వార్తలు దాదాపు అన్నీ ఎన్ని కిలోమీటర్ల కేబుల్ వేశారు, ఎన్ని గిగాబిట్ల వేగం వస్తుంది అన్న రెండు లెక్కలతోనే ముగుస్తున్నాయి. ఆ కేబుల్‌లోకి వెలుగును పంపే లేజర్ ఎంత నిలకడగా ఉందన్న ప్రశ్న వార్తల్లోనే కాదు, ఇంజనీరింగ్ తరగతుల్లో కూడా అరుదుగానే వినిపిస్తోంది. ఆప్టికల్ కమ్యూనికేషన్ బోధించే అధ్యాపకుడిగా ఈ లోటును మీ పాఠకుల దృష్టికి తేవాలనుకుంటున్నాను.

ఇళ్లకు, గ్రామ పంచాయతీలకు వచ్చే జీపాన్ లైన్లలో (ఒకే ఫైబర్‌ను అనేక కనెక్షన్లకు పంచే పద్ధతి) వెలుగు తీవ్రతను మార్చి సమాచారం పంపుతారు కనుక అక్కడ ఫేజ్ నాయిస్, అంటే కాంతి తరంగపు దశలో వచ్చే ఊగిసలాట, పెద్ద సమస్య కాదు. నగరాలను కలిపే ట్రంక్ మార్గాల సంగతి వేరు. 2010 ప్రాంతంలో 100 గిగాబిట్ల కొహరెంట్ పరికరాలు వాడుకలోకి వచ్చినప్పటి నుంచి అక్కడ సమాచారాన్ని కాంతి తరంగపు దశలో కూడా ఉంచుతున్నారు. రిసీవర్‌లో ఉన్న మరో లేజర్ వెలుగుతో కలిపి ఆ దశను కొలుస్తారు కాబట్టి, రెండు లేజర్లలో ఏది ఊగినా ఆ ఊగిసలాట నేరుగా సమాచారంలోకి చేరుతుంది.

ఈ ఊగిసలాటను పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. లేజర్‌లో స్వచ్ఛంద ఉద్గారం (ప్రేరణ లేకుండా తనంతట తానే వెలుగు వెలువడడం) వల్ల పుట్టే ప్రతి ఫోటాన్ తనకు తోచిన దశతో వచ్చి తరంగంలో కలుస్తుంది. దీనివల్ల లేజర్ లైన్‌విడ్త్‌కు, అంటే దాని వెలుగు పరచుకునే పౌనఃపున్యాల వెడల్పుకు, ఒక కనిష్ఠ పరిమితి ఉంటుందని భౌతిక శాస్త్రవేత్తలు షాలో, టౌన్స్ 1958లోనే చూపారు. సెమీకండక్టర్ లేజర్లలో ఎలక్ట్రాన్ల సాంద్రత మారినప్పుడు వక్రీభవన గుణకం కూడా మారి లైన్‌విడ్త్ మరింత పెరుగుతుందని 1982లో చార్లెస్ హెన్రీ వివరించారు.

ఒక లెక్క చూడండి. రెండు లేజర్ల లైన్‌విడ్త్ కలిపి 100 కిలోహెర్ట్జ్ మాత్రమే అనుకున్నా, ఒక్క మైక్రోసెకనులో దశ సుమారు 45 డిగ్రీలు జరిగిపోగలదు. నాలుగు దశలతో పనిచేసే క్యూపీఎస్‌కే పద్ధతిలో ఒక సంకేతాన్ని పక్క సంకేతంగా పొరబడడానికి అంత జరుగుబాటు చాలు. సెకనుకు 3,200 కోట్ల సంకేతాలు పంపే లైనులో ఆ మైక్రోసెకనులోనే 32,000 సంకేతాలు వెళ్లిపోతాయి. రిసీవర్‌లోని డిజిటల్ చిప్ ఈ జరుగుబాటును నిరంతరం అంచనా వేసి సరిదిద్దుతూ ఉండడం వల్లే లింకు నిలబడుతోంది. సంకేతాలను మరింత దగ్గరగా పేర్చే 16-క్యామ్, 64-క్యామ్ పద్ధతులకు మారిన కొద్దీ ఆ చిప్‌కు దొరికే వెసులుబాటు తగ్గిపోతుంది.

చిప్ అన్నింటినీ సరిదిద్దుతుందిలే అనుకోవడం కూడా పొరపాటే. సాధారణ ఫైబర్‌లో విక్షేపణం (వేర్వేరు తరంగదైర్ఘ్యాల వెలుగు వేర్వేరు వేగాలతో సాగి సంకేతం పరచుకుపోవడం) 1550 నానోమీటర్ల దగ్గర తరంగదైర్ఘ్యంలో ప్రతి నానోమీటరు తేడాకు, కిలోమీటరుకు సుమారు 17 పికోసెకన్లు. 600 కిలోమీటర్లకు అది నానోమీటరుకు పది వేల పికోసెకన్లు దాటుతుంది. దాన్ని రిసీవర్‌లో లెక్కకట్టి సరిచేసేటప్పుడు, అక్కడి లేజర్ ఫేజ్ నాయిస్ కూడా ఆ లెక్కలో చిక్కుకుని కొత్త రొదగా మారుతుందని 2008లో పరిశోధకులు షీ, హో వివరించారు. దూరం, సంకేతాల వేగం, లైన్‌విడ్త్ పెరిగిన కొద్దీ ఈ నష్టమూ పెరుగుతుంది. కేబుల్ పాతదే ఉంచి పరికరం మార్చి వేగం పెంచుకుందామన్న ఆలోచనకు ఇది నిజమైన అడ్డంకి.

విశాఖకు సముద్రగర్భ కేబుళ్లు తెచ్చే ప్రణాళికలు ప్రకటితమైన ఈ సమయంలో మన విద్యార్థులు లైన్‌విడ్త్‌ను పరీక్ష కోసం నిర్వచనంగా చదివి వదిలేయడం నాకు బాధ కలిగిస్తోంది. పాతిక కిలోమీటర్ల ఫైబర్ చుట్ట, ఒక అకూస్టో-ఆప్టిక్ మాడ్యులేటర్ (వెలుగు పౌనఃపున్యాన్ని కొద్దిగా జరిపే పరికరం), ఫోటోడిటెక్టర్, స్పెక్ట్రమ్ ఎనలైజర్ ఉంటే లేజర్ వెలుగును ఆలస్యమైన తన సొంత వెలుగుతోనే కలిపి చూసే డిలేడ్ సెల్ఫ్-హెటరోడైన్ పద్ధతిలో లైన్‌విడ్త్‌ను వారే కొలవగలరు. ప్రతి కళాశాలా ఇవన్నీ కొనలేకపోవచ్చు. విశ్వవిద్యాలయానికి ఒక ప్రయోగశాల పెట్టి అనుబంధ కళాశాలల విద్యార్థులను అక్కడికి పంపే ఏర్పాటు మాత్రం కష్టమేమీ కాదు. పాఠ్య ప్రణాళికలను సవరించే బోర్డులు వచ్చే సవరణలోనే ఈ ప్రయోగాన్ని చేర్చాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఎలక్ట్రానిక్స్ అధ్యాపకుడు,
కాకినాడ