బడి గంజికి మతం షరతు వద్దు

సంపాదకులు గారికి,

నమస్కారం. స్కాట్లాండ్‌లో మేము వెళ్లే చర్చి, ఆఫ్రికాలోని మలావీలో ఒక పల్లె బడి పిల్లల భోజనానికి ఏటా చందా పంపుతోంది. ఆ దేశం 2002లో కరువుతో అల్లాడినప్పుడు స్కాట్లాండ్ వాసి మాగ్నస్ మాక్‌ఫార్లేన్-బారో ప్రారంభించిన మేరీస్ మీల్స్ అనే సేవాసంస్థ ద్వారా ఈ సొమ్ము అక్కడికి చేరుతుంది. తెల్లవారుజామునే ఊరి తల్లులు వంతులవారీగా వచ్చి బడి వంటపాకలో పొయ్యి రాజేసి, మొక్కజొన్న, సోయా పిండితో చిక్కటి గంజి కాస్తారు. జీతం లేని ఈ శ్రమ లేకపోతే మా చందాలు ఎందుకూ కొరగావు. పిల్లలు ఆ గంజిని కప్పుల్లో పట్టుకొని తాగుతారు. తిండి ఇంటికి పంపకుండా బడిలోనే పెట్టడం వల్ల, ఆకలికి కూలికో కట్టెలకో పోయే బిడ్డ తరగతి గదిలోకి వస్తాడు.

ఈ సాయంతోపాటు సువార్త కూడా చెప్పించాలని మా సంఘంలో కొందరు కోరుతున్నారు. విశ్వాసిగానే చెబుతున్నాను, అది తగదు. మలావీ పల్లెల్లో ముస్లిం కుటుంబాలూ ఉన్నాయి. మన దేశంలో 2001 నాటి సుప్రీంకోర్టు ఆదేశంతో బడి భోజనం పిల్లల హక్కయింది. అక్కడి బిడ్డకూ అది హక్కుగానే అందాలి. విదేశాల్లోని తెలుగు సంఘాలు తమ క్రిస్మస్ విందు ఖర్చులో కొంత భాగాన్ని, ఏ షరతూ పెట్టకుండా, ఇలాంటి బడులకు కేటాయించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, గ్లాస్గో