మత్తు డాక్టర్ మేడమ్‌కి, రాత్రంతా కనిపెట్టుకున్నవాళ్ళకి థాంక్స్

అమ్మ మోకాలి మార్పిడి ఆపరేషన్ బాగా జరిగింది, వాకర్ పట్టుకుని బాత్రూమ్ దాకా వెళ్ళొస్తోంది. ఫోన్ చేసిన అందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నాను.

అందరూ ఎముకల డాక్టరుకే దండం పెడతారు, మేమూ పెట్టాం, స్వీట్లూ ఇచ్చాం. ఈ పోస్టు మాత్రం ముఖ్యంగా మత్తు డాక్టర్ మేడమ్ గురించి (పేరు రాయొద్దన్నారు).

అమ్మకి ఆపరేషన్ కంటే ఆ రాత్రంటేనే టెన్షన్. మా పెద్దమ్మకి ఇదే ఆపరేషన్ అయ్యాక, వెన్నులో ఇచ్చిన మత్తు దిగిన దగ్గర్నుంచి ఆవిడ పడ్డ బాధ అమ్మ కళ్ళారా చూసింది. ఆ సంగతి చెబితే మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చున్నారు. వెన్నులో ఇచ్చే బుపివకైన్ పని రెండు మూడు గంటలేనట, అందులో ఇంకో మందు కొద్దిగా కలిపితే నొప్పి తెలియని సమయం మరికొన్ని గంటలు సాగుతుందట. ఫెంటనిల్, మార్ఫిన్, క్లోనిడిన్, డెక్స్‌మెడెటోమిడిన్, ఇలా చాలానే ఉన్నాయి. మార్ఫిన్ చాలాసార్లు మర్నాటిదాకా ఆదుకుంటుంది గానీ దురద, వాంతులు రావచ్చు, అరుదుగా గంటలు గడిచాక కూడా ఊపిరి మందగించవచ్చు. మా అమ్మ గురక వీధికంతా తెలుసు, పైగా నిద్రలో ఊపిరి ఆగి ఆగి తీస్తుంది, అందుకని అది వద్దనేశారు. డెక్స్‌మెడెటోమిడిన్ వల్ల ఊపిరికి అంత ఇబ్బంది ఉండదు, కానీ నాడి, బీపీ తగ్గుతాయి.

అప్పుడు అమ్మ మాత్రల సంచీ మొత్తం మంచం మీద పోయించి ఒక్కొక్కటీ చూశారు. మెటోప్రొలాల్ (బీపీకి, గుండెకి వాడే మాత్ర) దొరికింది. అదీ నాడిని తగ్గించేదే కాబట్టి, డెక్స్‌మెడెటోమిడిన్ మామూలుగా వేసే 5 మైక్రోగ్రాములు కాకుండా 3 చాలన్నారు. ఒక మిల్లీలీటరులో 100 మైక్రోగ్రాములు ఉండే మందులోంచి 3 తీయాలంటే ఎంత పలచన చేసి ఎంత కొలతగా తీయాలో మీరే ఆలోచించండి. ఈ మందుకి అనుమతి ఉన్నది నరంలోకి ఎక్కించడానికి, వెన్నులో వాడేది డాక్టర్ల అనుభవం, పరిశోధనల బలం మీదేనని సంతకానికి ముందే చెప్పి, "వద్దనుకుంటే చెప్పండమ్మా, వెన్ను దగ్గర నొప్పి మందు అందించే సన్న గొట్టం, ఎపిడ్యూరల్, ఎలాగూ పెడతాను, దాంతోనే చూసుకుందాం" అన్నారు. మాకెవరూ ఇంతవరకూ ఇలా విడమర్చి చెప్పలేదు. అమ్మే సరేనంది.

ఆపరేషన్ మధ్యలో నాడి 48కి పడితే వెంటనే అట్రోపిన్ ఇచ్చారట, సర్దుకుంది. అమ్మ మాత్రం కునికిపాట్లు పడుతూ, పిలిస్తే పలుకుతూ, పాలవాడికి డబ్బులిచ్చారా అని అడిగిందట థియేటర్‌లో!

నొప్పి అసలు లేదని చెప్పను. ఫిజియో వచ్చి కాలు వంచినప్పుడు గట్టిగానే అరిచింది. కానీ భయపడిన ఆ రాత్రి మాత్రం నిద్రపోయింది. ఎపిడ్యూరల్ మందు అందిస్తూ, గంట గంటకీ బీపీ, ఊపిరి చూసి రాసుకున్న నైట్ డ్యూటీ సిస్టర్‌కి, అమ్మ పక్క నుంచి కదలని పీజీ అబ్బాయికి చాలా చాలా థాంక్స్. ఆ అబ్బాయి భోజనం చేశాడో లేదో కూడా మేం అడగలేదు.

రక్తం ఇవ్వడానికి వచ్చిన మా మరిది స్నేహితులకి కూడా, అవసరం పడకపోయినా సాయంత్రం దాకా ఉన్నారు. పక్కింటి అన్నయ్యా, మీ స్కూటర్ తాళాలు నా దగ్గరే ఉండిపోయాయి, రేపు పొద్దున్నే తెచ్చిస్తాను.